బస్మల చెయ్యి తగిలేదాకా

నీళ్లలోంచి తల ఎత్తుతూనే జుమానా బోర్డు వంక చూసింది. రిలే పందెంలో తమ క్లబ్ పేరే అన్నిటికంటే పైన ఉండాలి. ఎందుకుండదు? చివరి యాభై మీటర్లు ఈదింది తను కదా. పదకొండేళ్ల పిల్లల్లో అలెగ్జాండ్రియా మొత్తం గాలించినా తన కూతురంత వేగంగా ఈదేవాళ్లు లేరని వాళ్ల నాన్న వీధంతా చాటింపు వేస్తుంటాడు.

తీరా చూస్తే క్లబ్ పేరు అట్టడుగున ఉంది.

"తొందరపడి దూకేశావు," అంది ఈత నేర్పే కెప్టెన్ షహీరా, టవల్ అందిస్తూ. "నీకు ముందు ఈదుతున్న బస్మల చెయ్యి గోడకు తగలకముందే నీ కాళ్లు దూకే దిమ్మ మీంచి లేచిపోయాయి. జట్టునే ఈ పందెంలోంచి తీసేశారు."

"నేనేం చెయ్యను కెప్టెన్? అది తాబేలులా వస్తుంటే ఎంతసేపని నిలబడను?"

ఆ మాట వెనకే ఉన్న బస్మల చెవిన పడనే పడింది. టోపీ పిండుకుంటూ వెళ్లి ఒక మూల కూర్చుంది. జట్టులోని మిగతా ఇద్దరూ దాని పక్కకే చేరారు.

ట్రామ్ ఎక్కేముందు జుమానా నాన్న నలుగురికీ చిక్కుడు గింజల వడలు పెట్టిన తామియా శాండ్‌విచ్‌లు కొన్నాడు. వేడివేడిగా ఘుమఘుమలాడుతున్నాయి. తిండి దగ్గర బస్మలను ఓడించినవాళ్లు ఇంతవరకు పుట్టలేదు. అలాంటిది, "ఆకలి లేదు మామా," అనేసింది.

మర్నాడు ప్రాక్టీసుకు వెళ్లేసరికి కెప్టెన్ ముఖంలో నవ్వు లేదు. "బస్మల రిలే మానేస్తానంటోంది. నెలాఖరున అన్ని క్లబ్బులకూ జరిగే ఫైనల్ దాకా ఉండమని బతిమాలి ఒప్పించాను. మీ వయసు పిల్లలు క్లబ్‌లో నలుగురే. అది వెళ్లిపోతే జట్టే ఉండదు."

జుమానా టోపీ పెట్టుకోబోతుంటే కెప్టెన్ ఆపింది.

"ఇవాళ నువ్వు ఈదక్కర్లేదు. దిమ్మ పక్కన కూర్చుని, బస్మల వేళ్లు గోడకు తగిలినప్పుడల్లా చెయ్యెత్తు."

"అంతేనా?"

"అంతే. ఎప్పుడూ నువ్వు దూకే నీళ్ల వంకే చూస్తావు. ఒక్కసారి వచ్చే పిల్లను కూడా చూడు."

జుమానా మూతి ముడుచుకుని కూర్చుంది. బస్మల దగ్గరికి రావడం ఆలస్యం, చెయ్యెత్తేసింది.

"ఇంకా తగల్లేదు తల్లీ," అంది కెప్టెన్.

మళ్లీ అంతే. ఆ మళ్లీ కూడా అంతే. ఇక లాభం లేదని ఈసారి జుమానా కళ్లు పెద్దవి చేసుకుని బస్మలనే చూసింది. గోడకు కొద్ది మీటర్ల ముందు పైన కట్టిన జెండాల తాడు దాటాక బస్మల తల అసలు పైకి లేవనే లేదు. ఊపిరి బిగబట్టి ఆ చివరి మీటర్లన్నీ చేతులు బారలు చాపి ఈదింది. గోడ తగిలాక పైకి లేస్తే ముఖం కందిపోయి ఉంది. నోరు తెరిచి రొప్పుతోంది.

"చివర్లో ఊపిరి తీసుకోవేమే?" అడిగింది జుమానా.

"తీసుకుంటే ఇంకా ఆలస్యమవుతుంది కదా. పైన నువ్వు నాకోసం నిలబడి ఉంటావు," అంది బస్మల, ఎటో చూస్తూ.

రొప్పుతున్న ఆ ముఖాన్ని ఇన్నాళ్లూ జుమానా ఎప్పుడూ చూడనే లేదు.

"తాబేలన్నానని కోపంగా ఉందా?"

"చాలా."

"తప్పయిపోయిందే. ఇంకెప్పుడూ అనను."

"చూద్దాంలే," అని బస్మల మళ్లీ నీళ్లలో మునిగింది.

ఫైనల్ రోజు రానే వచ్చింది. జుమానా దిమ్మ ఎక్కి నిలబడింది. అటుపక్క పిల్ల దూకేసింది. ఇటుపక్క పిల్లా దూకేసింది. బస్మల ఇంకా జెండాల దగ్గరే ఉంది. "దూకమ్మా, దూకు," అని నాన్న పైన గ్యాలరీలోంచి గొంతు చించుకుంటున్నాడు. జుమానా కాళ్లు ఆగనంటున్నాయి. కాలివేళ్లతో దిమ్మను గట్టిగా పట్టుకుంది.

"రా బస్మలా, రా, వచ్చేశావు," అంది.

బస్మల వేళ్లు గోడకు తగిలాయి. అప్పుడు దూకింది జుమానా.

ప్రాణం పెట్టి ఈదింది. ఒక పిల్లను దాటేసింది. రెండో పిల్ల మాత్రం బెత్తెడు ముందే చెయ్యి ఆనించింది. రెండో స్థానం.

ఒడ్డున బస్మల వంగి చెయ్యి అందించింది. "పక్కవాళ్లందరూ దూకేశారు కదే. నువ్వూ వెళ్లిపోయి ఉంటావనుకుని భయపడ్డాను."

జుమానా ఆ చెయ్యి పట్టుకుని పైకెక్కింది.

"నువ్వు రాకుండా నేనెక్కడికి వెళ్తానే?"