నర్సయ్యకు మిగిలిన సిట్టింగులు

ఆర్టీసీలో కండక్టరుగా తల నెరిసినవాడికి ఒంటేలు ఆపుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. వరంగల్‌లో బయలుదేరిన బస్సు ఏటూరునాగారం చేరేదాకా బిగబట్టుకుని టికెట్లు కొట్టిన మనిషిని నేను. అందుకే ప్రోస్టేట్ క్యాన్సరుకి కరెంటు పెట్టే ముందు బాగా నీళ్లు తాగి ఆపుకోవాలని దవాఖానలో చెబితే, ఇంతేనా అనుకున్నాను. కరెంటంటే రేడియేషనే, మా దగ్గర అందరూ అలాగే అంటారు. మూత్రసంచి నిండుగా ఉంటే కిరణం దారికి అడ్డం రాకుండా జరుగుతుందట. కొత్త మిషను ప్రతిసారీ ముందు లోపలి ఫోటో తీసి, అంతా సరిపోతేనే కిరణం వదులుతుంది.

నాతోపాటు రోజూ నీళ్లు తాగే జతగాడు నర్సయ్య, నన్ను కండక్టరన్నా అని పిలిచేవాడు. ఏటూరునాగారం దగ్గరి రైతు, అదే జబ్బు. ఎప్పుడో ఎడమ తొడ ఎముక విరిగితే స్టీలు రాడ్డు వేశారు, కుంటుతూ నడిచేవాడు. ముందు ఎవరు బాత్రూముకి పరిగెత్తుతారోనని ఇద్దరం పందెం కాసేవాళ్లం. వాళ్లావిడ మొగిలమ్మా, మా ఆవిడ ప్రేమలతా వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. కోర్సు మధ్యలో ఆగితే జబ్బు మళ్లీ లేస్తుందని నర్సయ్యకి ఒకటే బెంగ. సగం సిట్టింగులు మిగిలుండగానే పొలం గట్టు మీద గుండె ఆగి పోయాడు. మొగిలమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు.

చిత్రంగా, ఆ వారం నుంచే నాకు కరెంటు వల్ల వచ్చే ఒంటేలు మంట పోయింది. మిగతావాళ్లు బాధతో మెలికలు తిరుగుతుంటే నేను వెయిటింగ్ హాల్లో గొప్పలు చెప్పుకున్నాను. అయితే రక్తపరీక్షలో జబ్బు ఎంతుందో చెప్పే అంకె, తగ్గాల్సింది పెరిగింది. ఇక మిగిలినవి కొద్ది సిట్టింగులే, ఒక్కటి కూడా వృథా కాకూడదని డాక్టరమ్మ సుకన్య గట్టిగా చెప్పింది.

ఆ మధ్యాహ్నం బయట వాన. మిషను గదికి కిటికీలు లేవు కాబట్టి వానైనా ఎండైనా అక్కడ ఒకటే. మందమైన గోడలు, ఎముకలు కొరికే ఏసీ, స్పిరిటు వాసన. నా ఒంటి అచ్చుతో చేసిన పరుపు మీద పడుకున్నాను. ఎప్పుడూ నా కాళ్లు దాన్లో సరిగ్గా ఇమిడేవి. ఆ రోజు ఎడమ తొడ కింద ఖాళీగా అనిపించింది. టెక్నీషియన్ భానుచందర్ పరుపు మీది పేరు చూసి, మీదే అంకుల్ అన్నాడు. అతను బయటికి వెళ్లాక బరువైన తలుపు మెల్లగా మూసుకుంది.

మిషను నా చుట్టూ ఒక చుట్టు తిరిగి ఆగింది. కిరణం మొదలవలేదు. తర్వాత స్పీకర్లో భాను గొంతు వచ్చింది.

"అంకుల్... మీ తొడల రాడ్డేమన్న ఏసిన్రా?"

లేదన్నాను. అతను లోపలికొచ్చి నా ఎడమ తొడ తడిమి చూశాడు. అతని చేతులు చల్లగా ఉన్నాయి. ఫోటో మళ్లీ తీశాడు. ఈసారి రాడ్డు లేదట. మిషను తికమక పడిందేమోనని తనకు తాను చెప్పుకుని, కదలొద్దని హెచ్చరించి కిరణం మొదలుపెట్టాడు.

గుయ్యిమని మోత. కదిలితే కిరణం పక్కకు తగులుతుంది. ఊపిరి కూడా చిన్నగా తీస్తున్నాను.

అప్పుడు పరుపు కుంగింది.

ఎడమ పక్కన. ఎవరో కూర్చుంటే కుంగినట్టు... తర్వాత కాళ్లు పైకి తీసుకుంటే కుంగినట్టు. తడి మట్టి వాసన. చెవి దగ్గర గుసగుస...

"జర జరుగే, కండక్టరన్నా."

నేను జరగలేదు. కళ్లు తెరవలేదు. చల్లటి బరువు నా తొడలోకి... పొత్తికడుపులోకి దిగింది. నాలో ఇద్దరికి సరిపోయేంత చోటు ఉన్నట్టు, మెల్లగా సర్దుకుని పడుకుంది. మోత ఆగేదాకా అక్కడే ఉంది. నాకు మంట ఎందుకు లేదో, అంకె ఎందుకు పెరిగిందో అప్పుడు తెలిసొచ్చింది. చెప్పలేనంత భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది, అతను తీసుకుంటున్న కరెంటు నా ప్రాణం కదా.

బాత్రూముకి పరిగెత్తాను. సీసాడు నీళ్లు తాగినవాడిని. ఒక్క చుక్క రాలేదు.

భానుకి చెబితే నవ్వడు కానీ నమ్మడు. ప్రేమలతకి చెబితే అక్కడే పడిపోతుంది. రేపు రానని చెప్పేద్దామా అని ఆలోచిస్తూ ఆమెతో కలిసి ఆటో ఎక్కాను. మానేస్తే చచ్చేది నేనే.

మట్టెవాడ మలుపులో ప్రేమలత ఫోన్ మోగింది. మొగిలమ్మ. వానచప్పుడుకి వినబడక స్పీకరు పెట్టింది. అవతల గొంతు బాగా తగ్గించి, పక్కగదిలో ఎవరో ఉన్నట్టు మాట్లాడుతోంది.

"వదినా, కరెంటు పెట్టిచ్చుకున్నోళ్లకు ఏం కూర పెట్టాలె? కారం లేకుంటనే వండిన. ఇంక ఆకలైతాందంటాండు."

ప్రేమలత నా వైపు చూసింది. ఫోన్లో, మొగిలమ్మ వెనక, ఎవరో గటగటా నీళ్లు తాగుతున్నారు.