మొక్కుకున్న నత్తు

ఆ ఉదయం కూడా ఈశ్వరమ్మ చోడి అంబలి చల్లార్చి, చెంచాతో కూతురి నోటికి అందిస్తోంది. పెదబయలు కొండల మీద మంచు ఇంకా విడలేదు. రాజకుమారికి మాత్రం అంబలి మీద మనసు లేదు. కళ్లన్నీ మూలనున్న బల్ల మీదే. అక్కడ అన్నయ్య జగదీష్ నిన్న మోసుకొచ్చిన పాత కంప్యూటర్ ఉంది.

"నోరు తెరువే గుంటా. ఆ పెట్టెక్కడికీ పారిపోదు."

"బేగి పెట్టమ్మా. సార్ వచ్చేత్తారు."

సార్ అంటే కాఫీ రైతుల సంఘం మేనేజరు సర్వేశ్వరరావు. రెండేళ్ల కిందటి వరకు రాజకుమారి ఆ సంఘంలోనే కంప్యూటర్ ఆపరేటరు. రైతుల పేర్లు, వాళ్లు తెచ్చిన గింజల తూకాలు ఎక్కించేది. ఒక సెలవు రోజున మిరియాలు కోయడానికి, ఆ తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టెక్కి జారిపడింది. ప్రాణం దక్కింది గాని, మెడ కింద నుంచి ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. ఇప్పుడు ఇంటి నుంచే ఆ పని చేస్తానని కబురు పంపింది. చేసి చూపిస్తే ఉద్యోగం ఇస్తానని, ఈ ఉదయమే వస్తానని ఆయన జవాబు పంపాడు.

జగదీష్‌కి బొర్రా దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. కుర్చీని బల్ల ముందుకు జరిపి, తెర పైన కెమెరా బిగించాడు.

"తెర మీద అక్షరాలు కనబడతన్నాయి గదా. కెమెరా నీ ముక్కునే చూత్తాది. ముక్కు ఎటు తిప్పితే బాణం అటెళ్తాది. అక్షరం మీద కాసేపు కదలకుండా ఆగితే నొక్కినట్టే."

చెప్పడం తేలికే. ఆ చీకటింట్లో ముక్కు కెమెరాకి ఆనలేదు. బాణం ఒక్క అక్షరం దగ్గర నిలబడకుండా తెరంతా తిరిగింది. గురుతుగా ఉంటుందని జగదీష్ చెల్లి ముక్కు మీద బొట్టుబిళ్ల అంటించాడు. చలికి ముఖం పగలకూడదని పొద్దున్నే వలిసె నూనె దట్టంగా రాసేసింది తల్లి. ఇంకేం ఆగుతుంది? సబ్బుతో కడిగి మళ్లీ అంటించినా రెండు నిమిషాలకు ఊడి ఒళ్లో పడింది.

రాజకుమారి అలసిపోయి కళ్లు మూసుకుంది. తెరిచాక నెమ్మదిగా అంది.

"అమ్మా, నా నత్తు ఇయ్యి."

ఈశ్వరమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

ఆ బంగారు నత్తును ఆసుపత్రిలో స్కానింగు చేసేటప్పుడు తీసేశారు. అప్పటి నుంచి ఈశ్వరమ్మ కొంగు ముడిలోనే ఉంది. గుంటకి చేతులు తిరిగి వచ్చిన రోజే నత్తు పెడతానని, కోడిని కోస్తానని ఊరి నిశాని దేవతకు మొక్కుకుంది. ముక్కు రంధ్రం పూడిపోకుండా చిన్న వేపపుల్ల గుచ్చి, అది ఎండినప్పుడల్లా మారుస్తోంది.

"మొక్కు తెల్దా నీకు?"

"తెలుసమ్మా. నత్తు మెరుత్తాది. కెమెరాకి ఆనుతాది."

"సేతులు రాకుండా నత్తెడితే, ఇంక రావని నేనే ఒప్పేసుకున్నట్టు గాదేటే?"

జగదీష్ ఓపిక తెగిపోయింది. "రావమ్మా! డాక్టరు మొదట్నుంచీ అదే చెప్తన్నాడు. నువ్వే వినవు."

"నీ నోట్లో మన్నెయ్య!" ఈశ్వరమ్మ గిన్నెను నేలకేసి కొట్టింది. అంబలి బల్ల కాళ్ల దాకా చిమ్మింది. "నేను బతికుండగా దానికి ఉజ్జోగమేటి? నా గుంట తల తిప్పుకుంటా ఉంటే ఆ సారొచ్చి సూసి జాలిపడాలా?"

"అమ్మా." రాజకుమారి గొంతు పెద్దది కాలేదు. "తిండి నువ్వు పెడతన్నావు. తల నువ్వు దువ్వుతున్నావు. ఈగ వాలితే నువ్వే తోలుతున్నావు. ఒక్క పనైనా నేను చేసుకోవాలని ఉండదా? రెండేళ్లుగా నువ్వు నా చేతుల కోసమే ఎదురు చూత్తన్నావు. నేనెక్కడికెళ్లానమ్మా? ఇక్కడే ఉన్నాను గదా!"

ఈశ్వరమ్మ బయటికి వెళ్లి మెట్టు మీద కూలబడి, కొంగు ముడిని గుప్పెట్లో బిగించుకుని ఏడ్చింది. నిజమే. రోజూ ఆ పిల్ల వేళ్లకేసే చూసింది. కదిలాయా, కదిలాయా అని. ముఖంలోకి తిన్నగా చూసి ఎన్నాళ్లైందో ఆమెకే గుర్తు రాలేదు.

కాసేపటికి లేచి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. ముడి విప్పింది. వేపపుల్ల తీసేసి, కూతురికి నత్తు పెట్టింది. అది కొంచెం వంకరగా కూర్చుంటే సర్దింది కూడా.

జగదీష్ తెర మీద నత్తును గురుతుగా ఎంచాడు. గుమ్మంలోంచి పడుతున్న లేత ఎండకు అది మెరిసింది. రాజకుమారి ముఖం తిప్పింది. బాణం చెప్పినట్టు కదిలింది, ఆగమన్న చోట ఆగింది. ఒక అక్షరం పడింది. దాని పక్కన ఇంకోటి.

"ఏటి రాసినావే?" చదువురాని ఈశ్వరమ్మ తెర దగ్గరికి వంగింది.

"నీ పేరేనమ్మా. ఈశ్వరమ్మ. మన తోట గింజల తూకం ముందెక్కిత్తన్నాను."

తల్లి ఆ అక్షరాలను చూసింది. కూతురి ఒళ్లో కదలకుండా ఉన్న చేతులను చూసింది. మళ్లీ ముఖం చూసింది. చెమట పట్టి, నత్తు పెట్టుకుని, ఆ ముఖం ఎప్పటి రాజకుమారిలాగే నవ్వుతోంది.

బయట బండి ఆగింది. సర్వేశ్వరరావు గుమ్మంలోకి వచ్చేలోపే ఈశ్వరమ్మ ఎదురెళ్లి పీట వేసింది.

"కూకోండి సారూ. మా గుంట పన్లో ఉంది." కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఆ ఎర్ర కోడిని పట్టు."

"సార్‌కి కూరొండుతావా అమ్మా?"

"కాదురా." కళ్లు తుడుచుకుంటూ నవ్వింది ఈశ్వరమ్మ. "నిశాని తల్లికి. గుంటకి సేతులొచ్చినాయి."