తామరగింజల జేడ్

చైనాలోని సూజోవ్‌లో పట్టు వ్యాపారం చేసే జోవ్ వారింటి పెద్దావిడ ప్రైవేటు డిటెక్టివ్ గు వెన్‌జావ్‌కి కబురు పెట్టింది. హాల్లో తాళం వేసిన అద్దాల బీరువాలోంచి తామరకాయలా చెక్కిన జేడ్ పచ్చరాయి మాయమైంది. పక్కనే ఉన్న జేడ్ కూజా అంతకన్నా ఎంతో ఖరీదైనది. అది మాత్రం కదల్లేదు.

"తామరగింజని ల్యెన్‌జి అంటాం కదండీ," అన్నాడు అసిస్టెంటు లిన్, తెలివి చూపించుకుంటూ. "వరుసగా కొడుకులు అన్నా అదే మాట. కొత్త కోడళ్లకిచ్చే దీవెన."

గోడవారగా నిలబడ్డ కోడలు యున్‌హ్వా తల దించుకుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆమెకి పిల్లల్లేరు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చి లిన్ చెవులు వేడెక్కాయి.

"అదే దీని కడుపుమంట," అంది పెద్దావిడ. "కాలవలో పారేసుంటుంది. ఎన్ని కషాయాలు తాగించాను! ఇక పుట్టింటికి పంపేస్తా."

"నేను తియ్యలేదు అత్తయ్యా."

"నోరొకటి మళ్లీ. దీని దిగులుతోనే మావాడు షాంఘై నుంచి వచ్చిందగ్గర్నుంచీ సరిగ్గా అన్నం తినట్లేదు."

గు, పెద్దావిడ కొడుకు పెయ్‌యాన్ వైపు తిరిగాడు. "బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"మా ముగ్గురి దగ్గరా."

"మీ ఆవిడ తీసిందంటారా?"

"ఆవిడలో ఏ లోపమూ లేదండీ."

గు ఇల్లంతా ఓసారి తిరిగొచ్చి, అందర్నీ హాల్లో కూర్చోమన్నాడు.

"డబ్బు కోసమైతే కూజా పోయేది. పోయింది దీవెన. దాన్ని చూడలేనివాళ్లే తీశారు. పెయ్‌యాన్ గారూ, నేనడిగింది దొంగతనం గురించి. మీరు చెప్పింది లోపం గురించి. లోపం లేదని మీకెలా తెలిసింది? షాంఘైలో డాక్టరు ఏమన్నాడు?"

పెయ్‌యాన్ అంగీ లోపలినుంచి జేడ్ తీసి బల్లమీద పెట్టాడు.

"లోపం నాదన్నాడు," అన్నాడు నేలవంక చూస్తూ. "వచ్చినవాళ్లంతా దీన్ని చూసి, దీవెన తలచుకుని ఆవిణ్ణి చూస్తుంటే భరించలేకపోయాను."

"డాక్టరు చెప్పి ఎన్నాళ్లయింది?" అంది యున్‌హ్వా.

"రెండు నెలలు."

"జేడ్ దాచారు. నన్ను మాత్రం ఇన్నాళ్లూ ఆ కషాయం తాగనిచ్చారు."

అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. లిన్ కూడా తలెత్తలేకపోయాడు.

పెద్దావిడ లేచి కోడలి చెయ్యి పట్టుకోబోయింది. "అమ్మాయ్, ఈ మాట బయటికి పొక్కితే..."

యున్‌హ్వా చెయ్యి వెనక్కి తీసుకుంది. "పుట్టింటికి పడవ నేనే పిలుచుకుంటాను అత్తయ్యా," అని బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.