ఫారంలో ఆఖరి గడి

"నీళ్ళలో దిగిందనుకో, కాలు జారిందనుకో, అక్కడ అరిస్తే వినేవాళ్ళెవరు?" అంది తల్లి, వేసవి క్యాంపు ఫారం చేతిలో పట్టుకుని.

పొద్దున్నే డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్న భర్త తలెత్తలేదు. అతను సిటీ బస్సు డ్రైవరు.

"నువ్వు ఇక్కణ్ణుంచి అరిచినా అక్కడికి వినపడుతుందిలే."

"మీకన్నీ నవ్వులాటే."

"నవ్వులాట కాదే. దానికి పదకొండేళ్ళు. పక్కింటి బెల్లు కొట్టాలంటే నీ చెయ్యి పట్టుకుంటుంది. ఎవరైనా పేరడిగితే నీ మొహం చూస్తుంది, నువ్వు చెప్తావు. పది రోజులు వదిలెయ్. సంతకం పెట్టేశాను, మిగతాది నింపి పంపు."

అతను వెళ్ళాక కూతురు వంటింట్లోకి వచ్చింది. ఇంట్లో ఆ పిల్లని గువ్వ అంటారు. "అమ్మా, అక్కడ పెద్ద సరస్సు ఉందట. ఈత నేర్పిస్తారట," అంది. ఆ పిల్ల కళ్ళలో అంత మెరుపు చూసి చాలా రోజులైంది. తల్లికి మాత్రం నీటి మీద తేలుతున్న చిన్న చెప్పు కనిపించింది.

ఫారంలో ఆఖరి గడి ఆరోగ్య సమస్యలది. యూనిఫాం కుట్టే షాపులో కాలర్లు కుట్టే ఆమెకి రాయడం అలవాటు తప్పి చాలా ఏళ్ళయింది. ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. 'గుండె బలహీనం. పరుగు, ఈత, కొండ ఎక్కడం చేయించకూడదు.' అబద్ధమే. కానీ దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకుంది. అందరూ కాస్త జాగ్రత్తగా చూస్తారు, అంతేగా.

పది రోజులకి గువ్వ తిరిగి వచ్చింది. బ్యాగులో ఈత బట్టలు మడత కూడా విప్పకుండా ఉన్నాయి. "ఎలా ఉంది తల్లీ? తిన్నావా? ఎవరైనా కొట్టారా? తినే ఉంటావులే, చిక్కిపోలేదు," అని తల్లి తనే అడిగి తనే జవాబు చెప్పుకుంది. గువ్వ బ్యాగు అక్కడే వదిలి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు తన రంగు పెన్సిళ్ళ డబ్బా కింది వాటా పిల్లకి ఇచ్చేసింది. ఆ తర్వాత స్కేట్లు. ఎందుకే అంటే, "నాకెందుకులే," అంది. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని, రెండు వేళ్ళతో మణికట్టు పట్టుకుని పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టేది.

తల్లికి కూడు సయించలేదు. "అక్కడ పిల్లని ఎవరో ఏదో చేశారు. పంపొద్దని మొత్తుకున్నాను. మీరు పంపారు," అని భర్తని నిలబెట్టి కడిగేసింది. అతను క్యాంపుకి ఫోన్ చేశాడు. ఆదివారం ఉదయం క్యాంపు టీచరు, నెరిసిన జుట్టు కత్తిరించుకున్న పెద్దావిడ, చంకలో ఫైలు పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది.

ఆమె కూర్చోకముందే తల్లి అడిగింది. "నా పిల్లని ఏం చేశారు?"

"అదే నేను మిమ్మల్ని అడుగుదామని వచ్చానమ్మా," అని టీచరు ఫైలులోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది.

భర్త వంగి చదివాడు. ఇంకోసారి చదివాడు. "గుండె బలహీనమా? ఎవరికి?"

తల్లి ఫారం మీద చెయ్యి పెట్టి కప్పబోయింది.

"మేం నమ్మాం," అంది టీచరు. "పది రోజులూ అందరూ నీళ్ళలో ఉంటే మీ అమ్మాయి ఒడ్డున తువ్వాళ్ళకి కాపలా కూర్చుంది. నాలుగో రోజు వెక్కి వెక్కి ఏడ్చింది. దగ్గరికి తీసుకుని, నీ గుండె కోసమే తల్లీ, అమ్మే రాసింది కదా అన్నాను. తనకి ముందే తెలుసనుకున్నాను. ఆ తర్వాత తను ఇంకేమీ అడగలేదు."

భర్త మెల్లగా అన్నాడు. "రోజూ వందల మంది ముక్కూ మొహం తెలియకపోయినా నా బస్సెక్కుతారు. వాళ్ళకున్న పాటి నమ్మకం నీకు ఎవరి మీదా లేదు కదే."

గది గుమ్మంలో గువ్వ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"నాన్నా, నేను ఎన్నేళ్ళు బతుకుతాను?"

తల్లి ఒక్క ఉదుటున వెళ్ళి మోకాళ్ళ మీద కూలబడింది. "నీకేం లేదు బంగారం. నేనే భయంతో అబద్ధం రాశాను. ఒట్టు."

"అమ్మమ్మకి జబ్బు చేసినప్పుడు కూడా ఏమీ లేదనే చెప్పావు," అంది గువ్వ. ఏడవడం లేదు. "నెలకి చనిపోయింది."

"డాక్టరుకి చూపిద్దాం రా. ఆయన చెప్తే నమ్ముతావా?" అన్నాడు తండ్రి.

"డాక్టరు దగ్గరా అమ్మే మాట్లాడుతుంది."

"అలా కాదు, దానికి నిద్ర చాలక..." అని తల్లి టీచరు వైపు తిరగబోయింది.

"చూశారా," అంది టీచరు నెమ్మదిగా. "క్యాంపులో పిల్లల కంటే పెద్దవాళ్ళకి నేర్పడమే మాకు కష్టం. ఒక మాట అడిగితే జవాబు వచ్చేదాకా మన నోరు మూసుకోవాలి. పిల్ల ఒక పని చేస్తుంటే మన చేతులు కట్టుకోవాలి. పిల్లలు ధైర్యంగా ఎదిగేది, మనకి దగ్గరయ్యేది అక్కడే. ఇప్పుడు మీ మాట ఈ పిల్లకి చెల్లదు. మీరేం చేస్తారా అనే చూస్తుంది."

తల్లి బల్ల మీది ఫారం వైపు చూసింది. నిజంగా జబ్బున్న పిల్ల తల్లి ఏ పని ప్రాణం పోయినా చేయించదో ఆమెకి తోచింది. లేచి వీధి తలుపు బార్లా తీసింది.

"కిందికి పరుగెత్తు. గేటు ముట్టుకుని పరుగెత్తుకుంటూ పైకి రా. నేను రాను."

గువ్వ కదలకుండా తల్లి మొహంలోకి చూసింది. అక్కడ భయం ఉంది, ఎప్పుడూ ఉండేదే. దానిలో ఏదో తేడా వెతుక్కుంటున్నట్టు చూసి, గడప దాటింది.

ముందు ఒక్కొక్క మెట్టు. తర్వాత రెండేసి. కింద గేటు మోగింది. మళ్ళీ పైకి అడుగులు, టకటకా, ఇంకా వేగంగా. ఒక అంతస్తు. రెండు. అక్కడ అడుగులు ఆగిపోయాయి.

తల్లి గడప దాకా వచ్చి ఆగింది. తను రాసిందే నిజమై కూర్చుందా? "గువ్వా, ఎక్కడున్నావు?" అని ఒక్కసారే అడిగింది. జవాబు లేదు. భర్త ముందుకు కదిలితే అతని చొక్కా గట్టిగా పట్టుకుని ఆపింది. పడిపోయావా, కళ్ళు తిరుగుతున్నాయా, రైలింగ్ పట్టుకో, వస్తున్నాను. అన్నీ నాలుక మీదికి వచ్చాయి. ఒక్కొక్కటీ మింగింది. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. మెట్ల మీద ఏ చప్పుడూ లేదు. ఆమె ఎదురుచూసింది.

చివరికి కిందినుంచి, రొప్పుతూ, గువ్వ గొంతు వినిపించింది.

"ఇక్కడే ఉన్నా. ఊపిరి తీసుకుంటున్నా. నువ్వు రాకమ్మా, నేనే వస్తా."