ఫౌస్టో అడిగిన మాట

మెడెయిన్ నగరంలో కొండవాలు మీద, మెట్ల వీధిలో నూబియా ఇల్లు. సాయంత్రం పార్లర్ మూసి వచ్చాక అరెపా రొట్టెలు కాల్చుకుని టీవీ ముందు కూర్చునేది. సీరియల్లో డాన్ ఫౌస్టో మత్తుమందుల ముఠాకి నాయకుడు. ఎంతమందిని చంపినా చివరికి అతనే గెలవాలి ఆమెకి.

"నన్నెప్పుడైనా అలా చూశావా? వాడితోనే లేచిపో," అనేవాడు మొగుడు ఎవెలియో.

"వాడు పిలిస్తేగా!"

నవ్వేది గానీ సౌండు మాత్రం తగ్గించి పెట్టుకునేది. గోడకి అవతల ఒఫేలియా ఉంటుంది. ఆమె కొడుకు యెయిసన్‌ని అలాంటివాళ్లే తీసుకుపోయారు. శవం కూడా దొరకలేదు. చిన్నప్పుడు వాడికి జుట్టు కత్తిరించింది నూబియానే.

ఆ సాయంత్రం వాన. ఎవెలియో బస్సు డ్యూటీలో ఉన్నాడు. ఒఫేలియా తడుస్తూ వచ్చింది.

"మా ఇంట్లో కరెంటు పోయిందే. కాసేపు కూర్చుంటాను."

నూబియా గబుక్కున రిమోట్ అందుకుంది.

"ఉండనీ. నువ్వు చూసేదే చూడు."

తెర మీద ఏటిగట్టు. ఫౌస్టో ఎవరో కుర్రాణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టాడు. కుర్రాడి వీపు మాత్రమే కనిపిస్తోంది. అలవాటు కొద్దీ నూబియా నోటి వెంట వచ్చేసింది.

"వదలకు..."

నాలుక కరుచుకుంది. ఒఫేలియా తల తిప్పలేదు.

అప్పుడే ఇక్కడా కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఏటి హోరు మాత్రం ఆగలేదు. గదంతా బురద వాసన, నానిన బట్టల వాసన.

"నూబియా..." ఫౌస్టో గొంతు. "చెప్పు. వదిలెయ్యనా?"

చీకట్లో ఎవరో వెక్కుతున్న చప్పుడు. ఒఫేలియా నూబియా చెయ్యి పట్టుకుంది. "అది... మా వాడి ఏడుపే."

"పిన్నీ... వదలమని చెప్పు పిన్నీ..."

ఒక్క మాట. నూబియా నోరు తెరిచింది. రాలేదు. భయం వల్ల కాదు... ఏం చేస్తాడో చూడాలని ఉంది. ఆ సంగతి తనకే తెలిసిపోయింది. ఒఫేలియా చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది.

కరెంటు వచ్చింది. తెర మీద సబ్బు ప్రకటన.

"ఏం చెప్పావే?"

"ఏమీ చెప్పలేదక్కా."

"అదే అడుగుతున్నా. ఎందుకు చెప్పలేదు?"

ఆ రాత్రి నూబియాకి కునుకు పట్టలేదు. పొద్దున్నే టీవీ వైరు పీకి పారేసింది.

సాయంత్రం ఒఫేలియా మళ్లీ వచ్చింది. తలుపు గడియ పెట్టింది. ఇన్నేళ్లలో ఆమె ముఖం అంత వెలిగిపోవడం నూబియా చూడలేదు.

"మా వాడు వచ్చేశాడే," గుసగుసలాడింది. "తప్పించుకున్నాడట. మంచం కింద పడుకోబెట్టాను. ఎవరితోనూ అనకు."

నూబియా ఏడ్చేసింది. "అనను అక్కా. ఈసారి చచ్చినా అనను."

వెనక తెల్లటి వెలుగు పడింది.

వైరు లేని టీవీ. అదే ఏటిగట్టు. కుర్రాడు లేడు. ఫౌస్టో అటూ ఇటూ చూశాడు. తర్వాత సూటిగా ఇటే చూశాడు.

"ఎక్కడ దాచారు?" మెత్తగా అడిగాడు.

నూబియా పళ్లు బిగించింది. ఎడమ చేత్తో నోరు గట్టిగా నొక్కుకుంది. ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

"అయ్యో, ఏం చేస్తున్నావే..." ఒఫేలియా అరిచింది.

అప్పుడు చూసుకుంది నూబియా. తన కుడి చెయ్యి గాల్లోకి లేచి ఉంది... చూపుడు వేలు చాచి... పక్కింటి గోడ వైపు.

ఫౌస్టో ఆప్యాయంగా నవ్వాడు.

గోడ అవతల, మంచం జరిపిన చప్పుడు.