పైనుంచి కనిపించిన పిల్లవాగు

తిరుపతిరావు పేపరు మూడో పేజీకి వచ్చేసరికి భారతీదేవి చెప్పులు వేసుకుంటోంది. భుజాన నల్ల సంచి, చేతిలో స్కూటీ తాళం. ఏడాదిగా నందిగామలో ఆ వీధి మొత్తానికీ అలవాటైపోయిన దృశ్యమే. ఆయనొక్కడికే ఇంకా అలవాటు కాలేదు.

“ఇవాళ ఎటు?” అన్నాడు పేపరులోంచి తలెత్తకుండా.

“మన ఊరి వైపేనండీ. మూడు రోజుల ముసురు ఇప్పటికి తెరిపిచ్చింది. ఎండ ముదరకముందే తీస్తే పొలాలు బాగా వస్తాయి.”

“రిటైరైన టీచర్లు గుడికో, పురాణానికో పోతారు. మా ఆవిడ గట్టు మీద నిలబడి ఆకాశంలోకి చూస్తూ మీటలు నొక్కుతుంది. మొన్న మార్కెట్ యార్డులో ఒకాయన అడిగాడు, మేడమ్‌గారు మళ్ళీ ఏదైనా ఉద్యోగంలో చేరారా అని.”

“లేదు, సరదాకి అని చెప్పలేకపోయారా?”

“అరవై ఏళ్ళ మనిషికి అదేం సరదా అని అడిగితే ఏం చెప్పను?”

వంటింట్లోంచి కోడలు నాగశ్రీ నవ్వింది. “అత్తయ్యా, బ్యాటరీలు రెండూ నిండాయి. ఇడ్లీ డబ్బా సంచిలోనే పెట్టా, మర్చిపోకుండా తినండి.”

భారతీదేవి ముప్పై ఒక్క సంవత్సరాలు వీరులపాడు హైస్కూల్లో సోషల్ చెప్పింది. నీలం సుద్దముక్కతో కృష్ణానది ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. పాయలు, ఉపనదులు, సంగమాలు అన్నీ బోర్డు మీదే. రిటైరయ్యాక చేసిన మొదటి పని ఈ చిన్న డ్రోన్ కొనుక్కోవడం. అది పావుకిలో కూడా లేదు. నాగశ్రీ తను పనిచేసే బ్యాంకుకి సెలవు పెట్టి మరీ నేర్పించింది. ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో ఫోన్లో చూసుకోవడం కూడా అలవాటు చేసింది.

ఏటూరు దగ్గర మునేరు కృష్ణలో కలిసే చోట దాన్ని మొదటిసారి ఎగరేసినప్పుడు, ఎర్రటి నీళ్ళూ పచ్చటి నీళ్ళూ చాలా దూరం పక్కపక్కనే నడిచి, నెమ్మదిగా ఒకటైపోవడం ఫోన్ తెర మీద చూసి, ఆ ఇసుకలో ఒక్కతే నిలబడి ఏడ్చేసింది. ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పిన మాట నిజమేనని అప్పుడు కళ్ళారా తెలిసింది. ఆ తర్వాత చందర్లపాడు కళ్ళాల్లో ఎర్ర దుప్పట్లు పరిచినట్టున్న మిరపకాయలు తీసింది. జగ్గయ్యపేట వెనక సున్నపురాయి తవ్వేసిన గుంతల్లో నిలిచిన నీలపు నీళ్ళు తీసింది. నాగశ్రీ వాటిని యూట్యూబ్‌లో పెడుతుంది. చూసేవాళ్ళు మూడు నాలుగు వందల మంది. సగం మంది ఆవిడ పాత విద్యార్థులే.

ఆ రోజు ఊరి పొలాలు నిజంగానే బాగా వచ్చాయి. తడిసిన పత్తిచేలు, మధ్యలో బావగారి మామిడితోట, దానికి ఎగువన ఒకప్పుడు బళ్ళో వంట చేసిన పున్నమ్మ రెండెకరాలు. పున్నమ్మ చేను నిండా నీళ్ళు నిలిచి, అందులో తెల్లమబ్బులు తేలుతున్నాయి. ఆవిడ ఆ అద్దం మీదే డ్రోన్‌ని రెండు నిమిషాలు నిలిపింది. సాయంత్రం ‘ముసురు వెలిసిన ఉదయం’ అని పేరు పెట్టి వీడియో ఎక్కించారు.

మూడో రోజు దాని కింద ఒక కామెంట్ వచ్చింది. రాసింది రూబెన్. ఒకప్పుడు మూడో బెంచీలో కూర్చునేవాడు, ఇప్పుడు జి.కొండూరులో సర్వేయరు. “టీచర్, చాలా అందంగా ఉంది. కానీ ఒక డౌటు. పైనుంచి వస్తున్న పిల్లవాగు మామిడితోట దగ్గర మాయమైపోయింది. తోట దాటాక మళ్ళీ మొదలైంది. మధ్యలో వాగు ఎటు పోయింది?”

భారతీదేవి కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. ఎగువన గడ్డి దుబ్బుల మధ్య వాగు వంకర్లు తిరుగుతూ వస్తోంది. తోట హద్దు దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది. ఆగిన నీళ్ళు పక్కకి మళ్ళి పున్నమ్మ చేలో పరుచుకున్నాయి. తను రెండు నిమిషాలు మురిసిపోయిన ఆ అద్దం కుళ్ళిపోతున్న పత్తి పంట. ఓ మూల మోకాలి లోతు నీళ్ళలో పున్నమ్మ నిలబడి ఉంది. నేర్పిన తనకి కనబడలేదు, నేర్చుకున్నవాడికి కనబడింది. ఆవిడకి సిగ్గేసింది.

ఆ తోట తిరుపతిరావు అన్నయ్య వీరభద్రయ్యది.

మర్నాడు వీరభద్రయ్యే ఊరి నుంచి కారు మాట్లాడుకుని వచ్చాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు సహకరించవు. అయినా మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

“భారతీ, ఊళ్ళో పిల్లలందరి ఫోన్లలో నా తోటే తిరుగుతోంది. వాగు మింగినోడినని నవ్వుకుంటున్నారు. అది తీసెయ్యమ్మా.”

“నేను ఎవరినీ అనాలని తీయలేదు బావగారూ. వాగు పూడిపోయిన సంగతి నాకే తెలీదు.”

“ఇరవై ఏళ్ళ కిందట కరువులో చుక్క నీరు లేని గొయ్యి అది. మట్టి తోలి చెట్లు పెట్టా. అప్పుడెవరూ అడగలేదు.”

“ఇప్పుడు నీళ్ళు వస్తున్నాయి కదండీ. పున్నమ్మ చేను మునుగుతోంది.”

“పున్నమ్మది పల్లపు చేను. మునక్కేం చేస్తుంది?” ఆయన గొంతు పెరిగింది. “పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో అందరూ నిన్ను ఉద్యోగం మానెయ్యమంటే, వద్దు, చదువుకున్న పిల్ల, చెప్పుకోనివ్వండి అని అడ్డం నిలబడ్డది ఎవరు? ఆ చదువుతో నన్నే బజారుకి ఈడుస్తావా?”

అది అక్షరాలా నిజం. ఆ రోజు ఆయన నిలబడకపోతే ఆవిడ బోర్డు మీద ఒక్క నది కూడా గీసేది కాదు.

“ఒక్కసారి చూడండి బావగారూ. పెద్ద టీవీలో వేస్తాను. చూశాక మీరే చెప్పండి.”

“నా పొలం నాకు నువ్వు చూపించేదేంటి!” వీరభద్రయ్య తమ్ముడి వైపు తిరిగాడు. “ఏరా, నువ్వేమంటావు?”

తిరుపతిరావు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తండ్రి పోయినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. చదివించింది, పెళ్ళి చేసింది, అన్నీ ఈ అన్నయ్యే. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎదుట కాదన్న మాట అనలేదు.

“తీసేస్తుందిలే అన్నయ్యా,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

వీరభద్రయ్య వెళ్ళిపోయాడు. భారతీదేవి మొగుణ్ణి ఏమీ అనలేదు. అదే ఆయనకి కష్టంగా తోచింది. “ఏదో ఒకటి అనరాదూ?” అన్నాడు చివరికి.

“ఏమనను? మీరు కూడా ఆ వీడియో చూడలేదు కదా.”

వీడియో తీసెయ్యాలనే అనుకుంది భారతీదేవి. తీసేముందు పున్నమ్మకి ఒకసారి చూపించాలనిపించింది. పున్నమ్మ ఇరవై ఏళ్ళు ఆ హైస్కూల్లోనే పిల్లలకి వండిపెట్టిన మనిషి. స్కూటీ బయటికి తీస్తుంటే తిరుపతిరావు వచ్చి వెనక కూర్చున్నాడు. “నేనూ వస్తా,” అన్నాడంతే.

పున్నమ్మ గట్టు మీద కూర్చుని, నల్లబడ్డ పత్తికాయలు వలిచి చూసుకుంటోంది. భారతీదేవి పక్కన కూర్చుని ఫోన్ పున్నమ్మ చేతిలో పెట్టింది. వాగు వచ్చిన దారి, ఆగిన చోటు, మళ్ళిన వైపు వేలితో చూపించింది. పున్నమ్మ రెండుసార్లు చూసింది. మూడోసారి తనే వేలితో ఆ దారి వెంట రాసింది.

“అంటే... నా చేను తప్పు కాదా టీచరమ్మా?”

“కాదు పున్నమ్మా.”

“మా ఆయన కష్టపడి కొన్నాడమ్మా ఈ రెండెకరాలు. ఏటా మునిగేసరికి, గొయ్యి కొన్నావురా గుడ్డోడా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మాటలు పడే పోయాడమ్మా మనిషి.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “చూసే కొన్నాడమ్మా. మంచి చేనే కొన్నాడు.”

తిరుపతిరావు ఆ ఫోన్ అందుకున్నాడు. ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఏడాదిగా భార్య చేస్తున్న పని ఆయన చూడడం అదే మొదటిసారి. అక్కడే గట్టు మీద నిలబడి అన్నకి ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, నేను తొందరపడి మాట ఇచ్చా. వీడియో తీసెయ్యదు. తీసెయ్యమని నేను చెప్పను.” అటునుంచి ఏదో అడిగితే, “కాదు, ఎవరూ చెప్పలేదు. నేనే పున్నమ్మ గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నా,” అన్నాడు. గొంతు తడబడలేదు.

భారతీదేవి ఆయన వైపు చూసింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ మొహం ఎప్పుడూ చూడలేదు.

నెలన్నర పాటు అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. దసరాకి ఊరి నుంచి పిలుపు రాలేదు. తిరుపతిరావు అన్నం సగంలో లేచిపోయేవాడు. అయినా గ్రామసభ రోజున, గోడకున్న టీవీని తనే విప్పి, దుప్పటి చుట్టి ఆటోలో పెట్టాడు.

“మావయ్యా, జాగ్రత్త, స్క్రీన్ పగులుతుంది,” అంది నాగశ్రీ.

“పగిలితే ఇంకోటి కొనుక్కుందాం. ఊరంతా చూడాలిగా!”

గ్రామ సచివాలయం ముందు షామియానా కింద ఊరు కూర్చుంది. రూబెన్ సెలవు పెట్టుకుని పాత గ్రామ పటం నకలు తెచ్చాడు. వీరభద్రయ్య కూడా వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా చివరి వరసలో కూర్చున్నాడు.

భారతీదేవికి మైకు అలవాటే. కానీ ఆ రోజు దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“నేను ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యడానికి రాలేదండీ. మన ఊరు పైనుంచి ఎలా ఉంటుందో చూపించడానికి వచ్చాను.”

టీవీలో ఊరు తేలింది. ముందు పిల్లలు అరిచారు, మా ఇల్లు, మా ఇల్లు అని. తర్వాత పెద్దవాళ్ళు ముందుకు వంగారు. వాగు వంకర్లు తిరుగుతూ వచ్చి తోట దగ్గర తెగిపోయింది. రూబెన్ పాత పటాన్ని పక్కన పట్టుకున్నాడు. పటంలో వాగు తెగలేదు, తోట ఉన్న చోటు గుండానే తిన్నగా కిందికి పోయింది.

పున్నమ్మ లేచి నిలబడింది. “నాకు ఎవరి చెట్లూ వద్దయ్యా. మా ఆయన గొయ్యి కొనలేదని ఈ ఊరు ఒక్కసారి ఒప్పుకుంటే చాలు.”

చివరి వరసలో కుర్చీ కిర్రుమంది. వీరభద్రయ్య కర్ర పట్టుకుని ముందుకు నడిచాడు. తమ్ముడు ఎదురెళ్ళి చెయ్యి అందిస్తే, ఒక క్షణం ఆగి పట్టుకున్నాడు. టీవీకి బాగా దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు.

“మళ్ళీ వెయ్యమ్మా.”

భారతీదేవి మళ్ళీ వేసింది. ఆయన కళ్ళు చిట్లించి, మోకాళ్ళ నొప్పులతో నాలుగేళ్ళుగా అడుగు పెట్టని తన పొలాన్ని చూశాడు. నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డ పున్నమ్మని చూశాడు.

“కింద నుంచి ఎప్పుడు చూసినా నాకు నా చెట్లే కనబడ్డాయి,” అన్నాడు మెల్లగా. తర్వాత పున్నమ్మ వైపు తిరిగాడు. “నీ మొగుడు గొయ్యి కొనలేదు. గొయ్యి చేసింది నేను. తెలిసి చెయ్యలేదు. కానీ తెలిశాక కూడా నెలన్నర మాట్లాడకుండా కూర్చున్నా చూడు, అది తప్పు.”

షామియానా కింద ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. “చప్పట్లు తర్వాత. వేసవిలో మామిడి కోత అయిపోగానే తవ్వే మిషను పెట్టండి. నలభై చెట్లు పోతాయి, పోనీ. నేనే దగ్గరుండి తవ్విస్తా.”

అక్కడే, అందరి ముందూ, భారతీదేవి బావగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన ఆవిడ తల మీద చెయ్యి వేసి, “చదువు చెప్పుకోనివ్వమన్నా గానీ, ఒకనాడు నాకే చెబుతావనుకోలేదమ్మా,” అని నవ్వబోయాడు. కళ్ళు తడిశాయి.

మే నెలలో వీరభద్రయ్య అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఎండలో గొడుగు కింద కుర్చీ వేయించుకుని, పటం ప్రకారం కొలతలు పెట్టించి, వాగుని పాత దారిలోకి తవ్వించాడు.

ఆగస్టులో రెండు రోజులు కుండపోతగా కురిసింది. మూడో రోజు పొద్దున వాన వెలవగానే ఊరు ఊరంతా గట్టు మీదికి చేరింది. రూబెన్ జి.కొండూరు నుంచి బండి మీద తడుస్తూ వచ్చాడు. ఈసారి సంచి తిరుపతిరావు భుజాన ఉంది. డ్రోన్‌ని పీట మీద పెట్టి, రెక్కలు విప్పి, “గాలి ఎక్కువ లేదు, ఎగరేసెయ్,” అన్నాడు ఎంతో అనుభవం ఉన్నవాడిలా. నాగశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది.

అది జుయ్యిమని లేచింది. భారతీదేవి చేతిలోని తెర చుట్టూ పాతిక తలలు చేరాయి. పైనుంచి ఎర్రటి నీళ్ళు ఉరకలు వేస్తూ వచ్చాయి. తోట హద్దు దగ్గరికి వచ్చేసరికి తలలన్నీ తెర మీదికి వంగాయి. నీళ్ళు ఆగలేదు. రెండు వరసల మామిడి చెట్ల మధ్య నుంచి దూసుకుపోయి, తోట దాటి, కిందికి, ఇంకా కిందికి పరిగెత్తాయి. పక్కన పున్నమ్మ రెండెకరాల్లో పత్తి మొక్కలు సాలు సాలుగా, ఆకుపచ్చగా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఒక్క చోట కూడా నీళ్ళు మెరవలేదు.

“నిలబడిందమ్మా! నా చేను నిలబడింది!” పున్నమ్మ కేక వేసింది. చెప్పులు వదిలేసి చేలోకి పరిగెత్తి, మట్టి పిడికిట్లోకి తీసుకుని పైకెత్తి అందరికీ చూపించింది. గట్టు మీద ఈలలు, అరుపులు మారుమోగాయి.

“కనబడట్లేదు, నాకూ చూపించండ్రా!” వీరభద్రయ్య వెనక నుంచి గొడవ పెట్టాడు. తిరుపతిరావు అందర్నీ జరిపి అన్నని ముందుకు తెచ్చాడు. తెర మీద పిల్లవాగు వంకర్లు తిరుగుతూ, దూరంగా మునేరు వైపు వెళ్ళిపోతోంది.

“అక్కడిదాకా వెళ్తుందా ఇది?” అన్నాడు పెద్దాయన.

“మునేరులో కలిసేదాకా వెళ్తుంది బావగారూ. ఇంకొంచెం పైకి తీసుకెళ్తే ఆ చోటు కూడా కనబడుతుంది.”

“అయితే తీసుకెళ్ళమ్మా,” అన్నాడు వీరభద్రయ్య, ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద వేసి. “ఆ కలిసే చోటు చూడందే నేను ఇంటికి రాను.”

భారతీదేవి బొటనవేలు ముందుకు నెట్టింది. పొలాలు చిన్నవైపోయాయి, ఊరు చిన్నదైపోయింది. తెర పైఅంచున మునేరు వెడల్పుగా, వెండిలా మెరిసింది.