ఎడమ స్పీకరు

ఉదయం ఏడింటికి వయొలిన్ మాస్టారు కాఫీ కప్పు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు విని, తీర్పు చెప్పేశారు.

"ఎడమది పలకట్లేదు."

వంటింట్లోంచి భార్య తొంగి చూసింది. లైబ్రరీలో ఉద్యోగానికి బయలుదేరుతున్న కూతురు ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా ఆగిపోయింది. ఆ స్పీకర్లు ఇంటికొచ్చి ఒక్క రాత్రే అయింది. వీటికంటే ముందొచ్చిన జత కూడా ఇలాగే చుట్టపుచూపుగా ఒక రాత్రి ఉండి కొట్టుకి తిరిగి వెళ్ళిపోయింది.

"మళ్ళీ ఎడమదేనా నాన్నా?"

"మళ్ళీ ఎడమదే. కుడిది గంటలా మోగుతోంది. ఎడమది దుప్పటి కప్పుకుని మూలుగుతోంది."

ఆ ఇంట్లో మాస్టారి చెవి మాటకి తిరుగులేదు. నలభై ఏళ్ళుగా పిల్లలకి వయొలిన్ నేర్పిన చెవి అది. కుక్కర్ కూత విని "స్వరం దిగింది, రబ్బరు మార్చు" అని ఆయన అనడమూ, చూస్తే రబ్బరు నిజంగానే పాడైపోయి ఉండడమూ ఆ ఇంట్లో జరిగాయి. అలాంటి మనిషితో స్పీకర్ల గురించి వాదించడానికి ఎవరికి నోరు లేస్తుంది?

శిష్యులకి ముందు రికార్డు వినిపించి, ఆ తర్వాత వాయింపించడం ఆయన పద్ధతి. పాత స్పీకర్లు గరగరమంటూ ప్రాణం వదిలాక కూతురే పూనుకుంది. "పన్నెండు వేలు దాటకూడదు నాన్నా. అంతకంటే నా వల్ల కాదు" అని ముందే చెప్పింది.

స్పీకర్ల కొట్టు మాస్టారి పాత శిష్యుడిది. శిష్యుడంటే ఆరు నెలల శిష్యుడు. పదేళ్ళ వయసులో, తోటి పిల్లలందరి ముందూ, "నీకు చెవి లేదురా, వెళ్ళి ఇంకేదైనా పని చూసుకో" అని పంపేశారు. పంపేస్తే పంపేశారు, పోతూ పోతూ "అపశ్రుతి" అని ఒక పేరు కూడా అంటగట్టారు. కొట్టు బోర్డు మీద ఏం రాసుకున్నా చుట్టుపక్కల వాళ్ళకి అది అపశ్రుతి కొట్టే. అతనూ నవ్వుతూనే పలికేవాడు. పలక్క ఏం చేస్తాడు పాపం.

మొదటిరోజు మాస్టారు నిలువెత్తు స్పీకర్ల ముందు నిలబడిపోతే, అతనే అడ్డం వచ్చాడు. "మీ గది పదడుగులకి పన్నెండు అన్నారు కదా మాస్టారూ. అందులో ఇవి పెడితే మంద్ర స్వరాలన్నీ గదంతా నిండిపోయి వయొలిన్‌ని మింగేస్తాయి. చిన్నవి చాలు, గోడకి జానెడు ఎడంగా పెట్టుకోండి. యాంప్లిఫయరు కూడా మార్చొద్దు, మీ పాతదే మంచిది." ఎక్కువ ఖరీదువి అమ్మే అవకాశం వదులుకుని, తొమ్మిది వేల జత చేతిలో పెట్టాడు. ఆ జతనే మాస్టారు తిప్పి కొట్టారు. ఇప్పుడు పదకొండు వేల జతకీ అదే గతి.

"పద, ఇవాళ వాడి సంగతి తేలుస్తాను" అంటూ మాస్టారు లేచారు. కూతురు లైబ్రరీకి గంట ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి, ఆయన వెనకే నడిచింది.

కొట్లో అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. మాస్టారు అట్టపెట్టె బల్ల మీద దబ్బున పెట్టారు.

"రెండుసార్లు ఎడమది చచ్చు సరుకే ఇచ్చావు. ఏమనుకుంటున్నావురా నా గురించి?"

"ఇక్కడ మీ ముందే పెట్టి చూశాం కదా మాస్టారూ."

"ఈ సంతగోలలో ఏం వినబడుతుంది? అసలు నిన్ననుకుని లాభం లేదు. చెవి లేనివాడు స్పీకర్లు అమ్మితే ఇలాగే ఉంటుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. అతని ముఖం కందిపోయింది. అయినా తలెత్తకుండా, "సాయంత్రం ఇంకో జత నేనే తెచ్చి బిగిస్తాను, మీరు ఇంటికెళ్ళండి" అన్నాడు. కూతురికి నేలలోకి కుంగిపోవాలనిపించింది. తండ్రి కోసం ఆగకుండా, అక్కణ్ణించే లైబ్రరీకి వెళ్ళిపోయింది.

అన్నట్టే అతను అయిదింటికల్లా వచ్చాడు. అప్పటికి కూతురూ లైబ్రరీ నుంచి వచ్చేసింది. మూడో జత బిగించి, మాస్టారికి ఇష్టమైన రికార్డు పెట్టాడు. మాస్టారు కుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు.

"కుడిది భేష్. ఎడమది షరామామూలే."

అతను కుడివైపు స్పీకరు పెట్టెని ఎడమవైపుకీ, ఎడమవైపుదాన్ని కుడివైపుకీ చప్పుడు కాకుండా మార్చి, మళ్ళీ వినిపించాడు. కళ్ళు తెరవకుండానే మాస్టారు, "తీగలు సర్దావా? ఏం లాభం లేదు. ఎడమది అలాగే ఏడుస్తోంది" అన్నారు.

అతని చేయి పెట్టె మీదే ఆగిపోయింది. మాస్టారి వంకా, గుమ్మంలో నిలబడ్డ అమ్మగారి వంకా చూశాడు. ఆమె చప్పున తల దించుకుంది.

"సరే మాస్టారూ, నాదే తప్పు" అన్నాడు మెల్లగా. "ఈ సరుకే మంచిది కాదు. మీ డబ్బు మీకిచ్చేస్తాను."

"ఇప్పటికైనా ఒప్పుకున్నావు" అన్నారు మాస్టారు, గెలిచినట్టు.

ఆ మాటకి కూతురికి ఒళ్ళు మండింది. "అతని తప్పేం లేదు నాన్నా. నువ్వు కళ్ళు మూసుకున్నప్పుడు రెండు పెట్టెలూ అటుదిటు మార్చాడు. ఇందాక నువ్వు భేష్ అన్నదే ఇప్పుడు ఏడుస్తోందంటున్నావు."

"వద్దమ్మా, వదిలెయ్" అన్నాడు అతను.

"ఎందుకొదలాలి అన్నయ్యా? పొద్దున నలుగురిలో నిన్నంత మాట అన్నాక?" ఆమె తండ్రి కుర్చీ వెనక చేయి వేసింది. "ఒక్కసారి అటు తిరిగి కూర్చో నాన్నా. స్పీకర్లు నీ వెనక ఉండాలి."

మాస్టారు విసుక్కుంటూ తిరిగి కూర్చున్నారు. పాట సాగుతోంది. ఇప్పుడు ఇందాకటి కుడిది మూలుగుతోంది, ఎడమది గంటలా మోగుతోంది. ఆయన మళ్ళీ ఇటు తిరిగారు. మళ్ళీ అటు తిరిగారు. తర్వాత చూపుడువేలితో కుడిచెవి మూసుకున్నారు. పాట ఎక్కడో పక్కింట్లోకి వెళ్ళిపోయినట్టయింది.

ఆయన అలా వేలు పెట్టుకునే చాలాసేపు కూర్చుండిపోయారు. అతను చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"నీకు తెలుసా?" అని భార్యని అడిగారు చివరికి.

"ఏడాదైంది" అంది ఆమె. "బయటికెళ్తే మీ కుడిపక్కనే నడుస్తున్నాను, చూడలేదా? పిల్లల చాప కుడివైపుకి మార్చిందీ నేనే. గాలి బాగా వస్తుందని మీతో అబద్ధం చెప్పాను. నలభై ఏళ్ళు ఆ వయొలిన్ మోగింది మీ ఎడమచెవి పక్కనే కదండీ."

"ఒక్క మాట చెప్పకూడదా?"

"ఎలా చెప్పను? మీ చెవి గురించి మీకే చెప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది?"

మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది, పోయిన వారం చాప మీద చోటు చాలక ఎడమవైపు కూర్చుని వాయించిన చిన్నపిల్ల. తీగ దిగిందని మూడుసార్లు బిగించమన్నారు. అది ఏడుస్తూ బిగించింది, నాలుగోసారి తీగ తెగిపోయింది. అది కూడా తన తప్పే అనుకుని ఇంటికెళ్ళి ఉంటుంది. ఆయన కండువాతో ముఖం కప్పుకుని, భుజాలు ఎగసిపడుతుంటే, పసివాడిలా ఏడ్చారు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. కుడిపక్కనే కూర్చుంది.

మర్నాడు ఆయన ఒక్కరే కొట్టుకి వెళ్ళారు. అప్పుడే తెరుస్తున్నారు, జనం లేరు. క్షమించమనే ఆ నాలుగు మాటలూ అప్పుడే చెప్పేసి పరువుగా బయటపడొచ్చు. కానీ మాస్టారు బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చున్నారు. అతను కాఫీ తెప్పిస్తే వద్దన్నారు. ఏం కావాలని అడిగితే, "ఉండు, ఇంకొంతమంది రానీ" అన్నారు. గంట దాటాక కొట్లో అయిదుగురు పోగయ్యారు. అప్పుడు లేచారు.

"నిన్న ఇక్కడే, నలుగురిలో, ఇతనికి చెవి లేదన్నాను. లేనిది నాకు. ఎడమచెవి పోయింది, ఆ సంగతి తెలుసుకోలేక మంచి సరుకుని మూడుసార్లు తప్పుపట్టాను. చిన్నప్పుడు ఇతనికి నేను పెట్టిన పేరుతోనే మీరంతా పిలుస్తున్నారు. ఆ పేరు నేను వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి మీరూ మానేయండి." తర్వాత అతని వైపు తిరిగారు. "నాయనా, సిగ్గుతో అడుగుతున్నాను. నాకు పనికొచ్చే జత ఏదో నువ్వే విని చెప్పు."

కొట్లో ఎవరూ నవ్వలేదు. అతను కాసేపు బల్ల మీదున్న తీగ ముక్కని చుట్టచుట్టి విప్పాడు. తర్వాత మొదటిరోజు ఇచ్చిన తొమ్మిది వేల జతని అరలోంచి తీశాడు.

"ఇదే మాస్టారూ. మీ యాంప్లిఫయరు మీద మోనో అని ఒక మీట ఉంటుంది, అది నొక్కండి. రెండు వైపుల సంగీతమూ ప్రతి పెట్టెలోంచీ వస్తుంది. కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుంటే ఒక్క స్వరం కూడా పోదు."

మాస్టారు ఎడమచెవి అటువైపు ఉండడంతో సగమే విని, "ఆఁ?" అన్నారు, బెదురుగా. అలా అడగాల్సి రావడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి.

అతను స్పీకరు కింద పెట్టాడు. బల్ల చుట్టూ తిరిగి బయటికొచ్చాడు. మాస్టారికి కుడిపక్కన వచ్చి నిలబడి, గొంతు పెంచకుండా, అన్నదంతా మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.